ఇరవై రెండులో తరుగు, తొమ్మిదిలో జమ

దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నట్టు తేలినవారి నివేదికలో ఒక వింత వరుస కనిపిస్తుంది: 46, ఎక్స్‌వై, టి(9;22)(క్యూ34;క్యూ11). మొదటిసారి చూసినవారికి అది ఇనప్పెట్టె తెరిచే రహస్య సంఖ్యలా ఉంటుంది. నిజానికి అది చిట్టాలో రాసుకున్న ఒక పద్దు. తొమ్మిదో క్రోమోజోముకీ ఇరవై రెండో క్రోమోజోముకీ మధ్య జరిగిన బదిలీ అందులో నమోదై ఉంది. ఏ ఖాతాలో తగ్గింది, ఏ ఖాతాలో చేరింది, ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుంది అన్నవన్నీ చదవడం తెలిసినవారికి ఆ ఒక్క వరుసలోనే దొరుకుతాయి.

ఆ పద్దును మొదట సరిగ్గా రాసినవారు షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జానెట్ రౌలీ. క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములు చెదిరి ఉంటాయని కనిపెట్టిన శాస్త్రవేత్తగా ఆమెను పరిచయం చేసేవారున్నారు. ఆ పరిచయం ఆమెకు న్యాయం చేయదు. క్రోమోజోముల చెదురుబాటే క్యాన్సర్‌కు మూలం కావచ్చని జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడోర్ బొవెరీ 1914లోనే పుస్తకం రాశారు. రౌలీ కనిపెట్టింది అంతకంటే చిన్న సంగతి, అంతకంటే పదునైనది. పోయిందనుకున్న ముక్క పోలేదు, పక్క ఖాతాలో ఉంది. ఇంత చిన్న సవరణతో ఒక ప్రాణాంతక వ్యాధి మాత్రలతో అదుపులో ఉండే జబ్బుగా ఎలా మారిందో తెలియాలంటే ముందు ఎముక మజ్జలోకి ఒకసారి తొంగిచూడాలి.

రక్తకణాలకు ఆయుష్షు తక్కువ. ఎర్ర కణం నాలుగు నెలలు తిరుగుతుంది. ప్లేట్‌లెట్ వారం, పది రోజులు. సూక్ష్మజీవుల మీదికి అందరికంటే ముందు దూకే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణమైతే రక్తంలో ఒక రోజు నిలిస్తే గొప్ప. ఈ నిత్య నష్టాన్ని పూడ్చడానికి మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర కణాలను తయారుచేస్తుంది. అన్నిటికీ ఆధారం కొద్దిపాటి మూలకణాలే. మూలకణం చీలుతుంది, దాని పిల్లలు మళ్లీ చీలుతాయి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పని నేర్చుకుంటూ చివరికి ఎర్ర కణంగానో తెల్ల కణంగానో రక్తంలోకి వస్తాయి. ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర ఏం తప్పిందన్న ప్రశ్న వేసుకుంటే రక్తానికి వచ్చే జబ్బుల్లో చాలావాటిని విడదీసి చూడవచ్చు. కణాలు చివరిదాకా ఎదుగుతూనే మితిమీరి పుట్టుకొస్తే అది దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. మైక్రోలీటరు రక్తంలో నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉండాల్సిన తెల్ల కణాలు లక్ష కూడా దాటిపోతాయి. ప్లీహం ఉబ్బి ఎడమ డొక్క బరువెక్కుతుంది. అలా కాక కణాలు మధ్యలోనే ఆగిపోయి, ఎదగని పిల్లకణాలే పోగుపడితే అది అక్యూట్ లుకేమియా. మొదటిది కొన్నేళ్లు నెమ్మదిగా సాగి, మందు లేకపోతే చివర్లో రెండోదానిలా తిరగబడుతుంది. రెండోదానికి వారాలు చాలు.

1845లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో ఒక రోగి మరణానంతరం రక్తం చూసి, అందులో ఎర్ర కణాల కంటే తెల్ల కణాలే ఎక్కువగా ఉన్నాయని రాశారు. లుకేమియా అన్న మాటకు గ్రీకులో 'తెల్ల రక్తం' అని అర్థం. పేరు అక్కడ పుట్టింది. కారణం కోసం ఆ తర్వాత ఒక శతాబ్దానికి పైగా ఆగాల్సివచ్చింది.

మన నివేదికలోని మొదటి అంకె వయసు కూడా ఏమంత పెద్దది కాదు. 1956 దాకా మనిషి కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని పాఠ్యపుస్తకాలు ధీమాగా చెప్పేవి. ఆ ఏడాది స్వీడన్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ ఓపిగ్గా లెక్కపెట్టి 46 అని తేల్చారు. (పక్కనున్న ఎక్స్‌వై అంటే రోగి పురుషుడని.) లెక్కపెట్టడానికే అంత కాలం ఎందుకు పట్టిందంటే, క్రోమోజోములు విడివిడిగా కనిపించేది కణం చీలే కాసేపే. అప్పుడు కూడా ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటాయి. ఈ చిక్కు విడిపోవడంలో కుళాయి నీళ్లకూ వాటా ఉంది. ఫిలడెల్ఫియాలో పీటర్ నొవెల్ లుకేమియా కణాలకు రంగు వేసే ముందు స్లైడును మామూలు కుళాయి కింద కడిగారు. పద్ధతి ప్రకారం అలా కడగకూడదు. అయితే ఉప్పు లేని ఆ నీళ్లు కణాల్లోకి చేరి వాటిని ఉబ్బించాయి, లోపలి క్రోమోజోములు ఎడంగా పరుచుకున్నాయి. నొవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ కలిసి 1960లో ఒక చిన్న ప్రకటన చేశారు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగుల కణాల్లో అతి చిన్న క్రోమోజోముల్లో ఒకటి ఉండాల్సినదానికంటే ఇంకా పొట్టిగా ఉందన్నది దాని సారాంశం. దొరికిన ఊరి పేరే పెట్టి దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు.

ఒక క్యాన్సర్‌కు ఒక స్థిరమైన గుర్తు దొరకడం అదే మొదటిసారి. మిగతా క్యాన్సర్లలోనూ ఇలాంటి గుర్తులు దొరుకుతాయని చాలామంది ఉత్సాహంగా వెతికారు. పదేళ్లు వెతికినా దొరకలేదు. ఒక రోగిలో ఒకటి ఎక్కువ, ఇంకొకరిలో రెండు తక్కువ, మూడోవారిలో అన్నీ సక్రమం. దాంతో నిపుణుల్లో చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు. క్రోమోజోముల గందరగోళం క్యాన్సర్ తెచ్చిపెట్టేదే తప్ప క్యాన్సర్‌ను తెచ్చేది కాదన్నారు. వరద వెళ్లాక వీధిలో బురద ఉంటుంది, బురద వల్ల వరద వచ్చిందని ఎవరూ అనరు కదా. ఫిలడెల్ఫియా క్రోమోజోమును ఒక మినహాయింపుగా పక్కన పెట్టారు. అందులోనూ ముక్క ఊడి పోయిందనే అనుకున్నారు.

ఆ రోజుల్లో క్రోమోజోముల మీద పనిచేయడమంటే గౌరవం తెచ్చే పని కాదు. తపాలా బిళ్లలు పోగుచేసే సరదాకు దగ్గరగా చూసేవారు. బహుశా అందుకే అందులో రౌలీకి చోటు దొరికింది. 1925లో పుట్టిన ఆమె పదిహేనో ఏటే షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టేసరికి 65 మంది తరగతిలో మహిళలకు ఉన్న మూడు స్థానాలూ నిండిపోయాయి. తర్వాతి తరగతి కోసం తొమ్మిది నెలలు ఆగి, 1948లో పట్టా తీసుకుని, మర్నాడే పెళ్లి చేసుకున్నారు. నలుగురు కొడుకులు. వాళ్లు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లూ వారానికి కొద్ది రోజులు మాత్రమే పనిచేశారు, అదీ డౌన్ సిండ్రోమ్ పిల్లల వైద్యశాలలో. 1959లో ఆ పిల్లల్లో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుందని ఫ్రాన్స్‌లో తేలింది. ఆమె దృష్టి క్రోమోజోముల మీదికి అక్కడే మళ్లింది. భర్తకు ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాది పని పడితే తానూ వెళ్లి అక్కడ కణాలకు రంగు వేయడం, ఫొటోలు తీయడం నేర్చుకున్నారు.

1962లో షికాగోకు తిరిగివచ్చి, రక్తవ్యాధుల నిపుణుడు లియోన్ జాకబ్సన్‌ను కలిసి ఆమె అడిగినవి మూడే: ఒక మైక్రోస్కోపు, ఒక చీకటిగది, పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చేంత జీతం. వారానికి మూడు రోజుల పనికి ఏడాదికి 5,000 డాలర్లు కుదిరాయి. ఏం వెతకాలో మాత్రం ఇద్దరికీ స్పష్టంగా తెలియదు. జాకబ్సన్ దగ్గర లుకేమియా రోగుల నమూనాలు ఉన్నాయి, చూడమన్నారు. ఆమె దాదాపు పదేళ్లు చూశారు. పెద్దగా ఏమీ తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఓపిక లోపం కాదు, కంటికి ఆధారం లేకపోవడం. అప్పటి రంగులు వేస్తే క్రోమోజోములు ఒకే ముదురు ఛాయలో నిండు కడ్డీల్లా కనిపించేవి. వాటిని పొడుగును బట్టి, నడుము సన్నబడిన చోటును బట్టి గుంపులు చేసేవారు. ఆరు నుంచి పన్నెండు దాకా ఒకే గుంపు, ఎక్స్ కూడా అందులోనే. ఆ గుంపులో ఎనిమిదేదో తొమ్మిదేదో ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. ఫిలడెల్ఫియా క్రోమోజోము 21 అనే చాలాకాలం అనుకున్నారు. (ఇందులో ఇంకో తమాషా ఉంది. పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా నంబర్లు ఇచ్చుకుంటూ వచ్చినా 22 కంటే 21 చిన్నదని తర్వాత బయటపడింది. అప్పటికే అలవాటైపోయిందని ఆ పొరపాటును అలాగే ఉంచేశారు.)

1970లో స్వీడన్‌లో టోర్‌బ్యోర్న్ కాస్పర్సన్ బృందం మలేరియా మందు క్వినాక్రిన్‌కు దగ్గరి చుట్టమైన ఒక రంగుతో ఈ గోడను కూల్చింది. ఆ రంగు వేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే ప్రతి క్రోమోజోము మీద వెలుగు చారలూ మసక చారలూ పడతాయి. ఏ రెండు జతల చారలూ ఒకేలా ఉండవు. అంచును చూసి చీర పోల్చుకున్నంత సులువుగా తొమ్మిదోదాన్ని పోల్చుకోవచ్చు. భర్తతో రెండోసారి ఆక్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు రౌలీ ఈ పద్ధతి నేర్చుకుని వచ్చారు. ఆ వెలుగు చూస్తుండగానే వెలిసిపోతుంది. అందుకే చీకటిగదిలో త్వరత్వరగా ఫొటోలు తీసి, తీరిగ్గా చూసుకోవడానికి ఇంటికి తెచ్చుకునేవారు. భోజనాల బల్ల మీద ఫొటో పరుచుకుని, కత్తెరతో ఒక్కో క్రోమోజోమును కత్తిరించి, జతలు జతలుగా తెల్లకాగితం మీద పేర్చేవారు. తుమ్మితే ఎగిరిపోయే ముక్కలు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట.

1972లో ఆ బల్ల మీదే మొదటి బదిలీ బయటపడింది. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా రోగుల్లో ఎనిమిదోదాని నుంచి ఒక ముక్క 21కి, 21 నుంచి ఒక ముక్క ఎనిమిదోదానికి మారాయి. పేరుమోసిన ఒక వైద్య పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపితే ఫ్రాన్స్‌లోని ఒక చిన్న పత్రికలో వేసుకున్నారు. కొద్ది నెలలకే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా వంతు వచ్చింది. పొట్టిదైన 22 ఎలాగూ ఉంది, దాన్ని వెతకనక్కర్లేదు. ఆమె చూపు ఆగింది తొమ్మిదోదాని దగ్గర. జతలో ఒకటి మామూలుగా ఉంది. రెండోదాని పొడుగు చెయ్యి చివర కాస్త మసక పదార్థం అదనంగా ఉంది. మరో రోగి ఫొటో తీశారు. అక్కడా అంతే. ఇంకో రోగి, అదే చోట అదే మసక కొస. 22లో ఎంత తగ్గిందో సుమారుగా అంతే తొమ్మిదిలో పెరిగింది. 1973 జూన్‌లో నేచర్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. టి అంటే స్థానమార్పిడి. క్రోమోజోముకు నడుముకు ఒకవైపు పొట్టి చెయ్యి పి, రెండోవైపు పొడుగు చెయ్యి క్యూ. తొమ్మిదోది క్యూ34 అనే చార దగ్గర, 22 క్యూ11 దగ్గర తెగి, కొసలు మార్చుకున్నాయి. నివేదికలోని వరుస దీనితో పూర్తయింది.

ముక్క పోతే ఏమిటి, మారితే ఏమిటి, రెండు విధాలా కణం పాడైనట్టే కదా అనిపించవచ్చు. తేడా చాలా ఉంది. ముక్క పోయిందంటే కణాన్ని అదుపులో ఉంచేది ఏదో లేకుండా పోయిందని అర్థం. లేనిదాని మీద మందు పనిచేయడం కష్టం. కొసలు మార్చుకున్నాయంటే రెండు క్రోమోజోములూ అతుక్కున్న చోట అంతకుముందు ప్రపంచంలో లేని ఒక కొత్త వస్తువు పుట్టి ఉండవచ్చు. ఉన్నదాన్ని పట్టుకోవచ్చు. పైగా గందరగోళం ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరులో జరగదు. రోగి తర్వాత రోగిలో అదే రెండు చారల దగ్గర తెగుతుంటే దాన్ని బురద అని కొట్టిపారేయడం కుదరదు. రోగి చర్మకణాల్లో ఈ మార్పు ఉండదు, తల్లిదండ్రుల నుంచి రాలేదు, పిల్లలకు వెళ్లదు. ఎప్పుడో ఒకనాడు మజ్జలో ఒకే ఒక్క మూలకణంలో జరిగింది, మిగతావన్నీ దాని సంతానం. రౌలీ వాదన ఇదే. దీన్ని నమ్మించడానికి ఆమె సంవత్సరాల తరబడి సదస్సుల్లో తిరిగి మాట్లాడాల్సివచ్చింది.

అతుక్కున్న చోట ఏముందో చెప్పే పనిముట్లు 1980ల్లో వచ్చాయి. తొమ్మిదోదాని కొసన ఏబీఎల్ అనే జన్యువు ఉంది. ఎలుకలకు లుకేమియా తెప్పించే ఒక వైరస్‌లో దాని నకలు అప్పటికే దొరికింది. నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు ఆ జన్యువు బదిలీలో 22 మీదికి వెళ్లిందని 1982లో చూపించారు. అది వెళ్లి బీసీఆర్ అనే మరో జన్యువు మధ్యలో కూర్చుంటుంది. రెండు వాక్యాల్లో ఒకదాని మొదటి సగానికి మరోదాని రెండో సగం అతికితే వ్యాకరణం కుదిరిపోయి కొత్త అర్థం వచ్చినట్టు, బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రొటీన్ తయారవుతుంది. ఏబీఎల్ అసలు పని ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అంటించడం. అంటిస్తే అవి మేలుకుని, చీలమనో బతకమనో కణానికి సంకేతాలు పంపుతాయి. మామూలు ఏబీఎల్‌కు తన ముందు భాగమే పగ్గం, అవసరం లేనప్పుడు దాన్ని ముడుచుకుని ఉండేలా చేస్తుంది. అతుకులో ఆ పగ్గం ఊడిపోయి దాని స్థానంలో బీసీఆర్ ముక్క వస్తుంది. ఆ ముక్కకు తనలాంటివాటిని దగ్గరికి చేర్చుకునే గుణం ఉంది. చేరినవి ఒకదాన్నొకటి మేల్కొలుపుకుంటాయి. ఇక ఆపేదెవరు? 1990లో ఈ ఒక్క జన్యువునే ఎలుకల మజ్జలో పెడితే వాటికి అచ్చం అదే జబ్బు వచ్చింది. బురద వాదం అక్కడితో ముగిసింది.

ఏబీఎల్ ఫాస్ఫేట్‌ను తీసుకునేది ఏటీపీ అనే అణువు నుంచి. ఆ అణువు వచ్చి కూర్చునే చిన్న గుంట ప్రొటీన్ మీద ఉంటుంది. అందులో ఇంకేదైనా కూర్చుంటే పని ఆగుతుంది. ఇలాంటి గుంటలున్న ప్రొటీన్లు శరీరంలో వందల్లో ఉన్నాయి కాబట్టి ఒక్కదాన్ని ఆపే మందు సాధ్యం కాదని ఎక్కువమంది అనేవారు. స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లైడన్, జూర్గ్ జిమ్మర్‌మన్ బృందం తయారుచేసిన అణువుల్లో ఒకటి బీసీఆర్-ఏబీఎల్ కణాలను చంపి మామూలు కణాలను వదిలేస్తోందని ఆరెగన్ వైద్యుడు బ్రయన్ డ్రూకర్ గమనించారు. ఆ అణువు పేరే ఇమాటినిబ్. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బుకు మందు తయారుచేస్తే గిట్టుబాటు కాదన్న వెనకాముందులు దాటి, 1998 జూన్‌లో మనుషుల మీద పరీక్ష మొదలైంది. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకు వచ్చింది. మొదటి పరీక్షలో ఇలాంటి ఫలితం క్యాన్సర్ వైద్యంలో ఎవరూ చూసి ఎరగనిది. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు తేలినవారికి మజ్జమార్పిడి కుదరకపోతే మిగిలేవి కొన్నేళ్లే. ఇమాటినిబ్‌తో వైద్యం మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది జీవించి ఉన్నారని పెద్ద పరీక్ష ఒకటి లెక్కకట్టింది.

ఇమాటినిబ్ కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం రౌలీ 1977లో పట్టుకున్న మరో బదిలీయే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. అక్యూట్ ప్రొమైలోసైటిక్ లుకేమియా అనే జబ్బు ఉంది. 1957లో నార్వే వైద్యుడు లీఫ్ హిలెస్టాడ్ దాన్ని మొదట వర్ణించినప్పుడు ఆయన చూసిన ముగ్గురు రోగులూ వారాల్లోనే రక్తస్రావంతో పోయారు. ఈ జబ్బులో పదిహేను, పదిహేడు క్రోమోజోములు కొసలు మార్చుకుంటాయని రౌలీ బృందం చూపించింది. దాదాపు పదేళ్లు ఆ సంగతి ఒక గుర్తుగానే మిగిలింది. 1980ల్లో షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే వైద్యుడు ఈ రోగులకు విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. 1988లో ప్రకటించిన 24 మందిలో 23 మందికి ఆ ఒక్క మందుతోనే జబ్బు ఛాయలు పోయాయి. అది కణాలను చంపలేదు. ఎదగకుండా ఆగిపోయిన పిల్లకణాలు మళ్లీ ఎదగడం మొదలుపెట్టి, పెద్దవై, అన్ని కణాల్లాగే ఆయుష్షు తీరి పోయాయి. ఎందుకలా జరిగిందో 1990లో తెలిసింది. పదిహేడో క్రోమోజోము తెగిన చోట ఉన్నది రెటినోయిక్ ఆమ్లాన్ని అందుకునే ప్రొటీన్ జన్యువే. మందు ముందు దొరికింది, దాని చిరునామా తర్వాత దొరికింది, ఆ చిరునామా ఉన్న వీధి రౌలీ అప్పటికే చూపించి ఉన్నారు.

ఇక్కడితో అయిపోలేదు. చైనాలోనే హార్బిన్ నగరంలో జాంగ్ టింగ్‌డాంగ్ బృందం 1970ల నుంచి లుకేమియాకు పాషాణంతో (ఆర్సెనిక్‌తో) చేసిన ఇంజెక్షను ఇస్తూ వచ్చింది. మనకు పాషాణం అంటే విషమే గుర్తొస్తుంది. అది ఈ ఒక్క రకం లుకేమియాలోనే అద్భుతంగా పనిచేసింది. కారణం అతుకులో రెండో సగం. పదిహేనో క్రోమోజోము నుంచి వచ్చిన పీఎంఎల్ అనే ప్రొటీన్ ముక్కను పాషాణం పట్టుకుని ధ్వంసమయ్యేలా చేస్తుంది. అంటే ఒకే అతుకు ప్రొటీన్‌లో ఒక సగానికి విటమిన్ సంబంధి, మరో సగానికి విషం. రెండూ కలిపి ఇస్తే, ప్రమాదం మరీ తీవ్రంగా లేని రోగుల్లో మామూలు కీమోథెరపీ అవసరమే లేదని 2013లో ఇటలీ, జర్మనీ వైద్యులు చూపించారు. వారాల్లో చంపే జబ్బు అక్యూట్ లుకేమియాలన్నిటిలోకీ నయమయ్యే అవకాశం ఎక్కువ ఉన్నదిగా మారింది.

ఇంతవరకూ చెప్పింది వింటే లెక్క ఎప్పుడూ సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోని చోట్లు రౌలీకి అందరికంటే ముందే తెలుసు. ఒక క్యాన్సర్‌కు రేడియేషన్, కీమోథెరపీ తీసుకుని బయటపడ్డవారిలో కొందరికి ఏళ్ల తర్వాత లుకేమియా వస్తుంది. అలాంటివారిలో ఐదో క్రోమోజోములోనో ఏడోదానిలోనో భాగం, ఒక్కోసారి మొత్తం, నిజంగానే పోయి ఉంటుందని ఆమె బృందం 1977లోనే రాసింది. ఎక్కడా జమ కాని తరుగు. వృద్ధుల్లో, ముఖ్యంగా మహిళల్లో, ఐదోదాని పొడుగు చెయ్యి మధ్యలో కొంత పోయి తీరని రక్తహీనత వచ్చే జబ్బు కూడా ఉంది. పోయినదాని మీద మందు పనిచేయడం కష్టమని ఇందాక అన్నాను. ఈ జబ్బు ఆ మాటను పూర్తిగా నిలవనివ్వదు. లెనాలిడొమైడ్ అనే మందు ఈ రక్తహీనతలో బాగా పనిచేస్తుంది. అది నాశనం చేసే ఒక ప్రొటీన్ జన్యువు సరిగ్గా ఆ పోయిన భాగంలో ఉంది. మామూలు కణంలో ఆ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, జబ్బు కణంలో ఒక్కటే. సగం సరుకుతో నెట్టుకొస్తున్న కణం ఆ మందు దెబ్బకు ముందు పడిపోతుంది.

కత్తెరకు అందనివీ ఉన్నాయి. ఎర్ర కణాలు మితిమీరే పాలీసైథీమియా వీరా అనే జబ్బు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు దాయాది అని విలియం డామెషెక్ 1951లోనే అనుమానించారు. దాని మూలం 2005లో తెలిసింది. జాక్2 అనే జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది. మన డీఎన్ఏలోని సుమారు 300 కోట్ల అక్షరాల్లో ఒక్కటి. ఏ రంగు వేసినా, ఏ మైక్రోస్కోపులో చూసినా అది కనిపించదు. పిల్లల లుకేమియాలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ రకానిది పెద్ద వాటా. ఆ రకం వచ్చిన పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికి పన్నెండు, ఇరవై ఒకటి కొసలు మార్చుకుంటాయి. మారిన కొసల చారలు దాదాపు ఒకేలా ఉండడంతో ఈ బదిలీ 1990ల దాకా ఎవరి కంటా పడలేదు.

అతుకు ఒక్కటే జబ్బుకు చాలుతుందా అన్న ప్రశ్న కూడా తేలిక కాదు. పుట్టిన బిడ్డ మడమ నుంచి పరీక్ష కోసం తీసి కార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలను, ఆ బిడ్డకు కొన్నేళ్ల తర్వాత లుకేమియా వచ్చాక తిరిగి తీసి చూశారు. అతుకు జన్యువు పుట్టుకప్పుడే అందులో ఉంది. అంటే మొదటి దెబ్బ తల్లి కడుపులోనే పడింది, జబ్బు బయటపడడానికి మరో దెబ్బ కోసం ఏళ్లు ఆగింది. అతి సున్నితమైన పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కూడా కొందరి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జాడ తగులుతుంది. వాళ్లలో దాదాపు ఎవరికీ లుకేమియా రాదు. హిరోషిమాలో అణుబాంబు నుంచి బతికి బయటపడ్డవారిలో ఈ జబ్బు పెరగడాన్ని బట్టి రేడియేషన్‌కు ఇలా క్రోమోజోములను తెంచే శక్తి ఉందని తెలుసు. మిగతా ఎక్కువమంది రోగుల విషయంలో ఎందుకు మీకే వచ్చిందన్న ప్రశ్నకు ఏ డాక్టరూ నిజాయితీగా జవాబు చెప్పలేరు.

రౌలీకి 1998లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది, నొవెల్‌తో, మరొకరితో పంచుకున్నారు. 2009లో అమెరికా అధ్యక్షుడి స్వేచ్ఛా పతకం. ఎనభైల్లో కూడా సైకిల్ మీద ప్రయోగశాలకు వెళ్లేవారు. 2013 డిసెంబరులో, 88వ ఏట అండాశయ క్యాన్సర్ సమస్యలతో మరణించారు.

మొదటి వరుస దగ్గరికి తిరిగివద్దాం. ఇమాటినిబ్ తీసుకుంటున్న రోగికి ఏడాదిన్నర తర్వాత మజ్జ పరీక్ష చేస్తే నలుగురిలో ముగ్గురికి నివేదికలో ఆ వరుస కుదించుకుపోతుంది: 46, ఎక్స్‌వై. అంతే. టి లేదు, బ్రాకెట్లు లేవు. కొందరిలో బీసీఆర్-ఏబీఎల్ 315వ స్థానంలో ఒక్క ముక్క మార్చుకుని మందుకు గుంటలో చోటు లేకుండా చేస్తుంది. వారికి పొనాటినిబ్ లాంటి తర్వాతి మందులు కావాలి. వరుస చెరిగిపోయినవారికి కూడా మైక్రోస్కోపు చాలదని, లక్ష కణాల్లో ఒక్కటి ఉన్నా పట్టే రక్త పరీక్ష కొన్ని నెలలకోసారి చేస్తారు. ఆ పరీక్షలో రెండేళ్లకు పైగా జాడ లేని వంద మందికి ఫ్రాన్స్ వైద్యులు మందు ఆపి చూశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. సుమారు 60 శాతం మందిలో జబ్బు తిరిగి వచ్చింది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మాత్ర మళ్లీ మొదలుపెడితే లొంగింది. మిగతా 40 శాతం మంది మందు లేకుండానే ఉన్నారు. ఇలా మందు ఆపినవారిలో కొందరి నివేదికల్లో అప్పుడప్పుడూ చిన్న అంకె ఒకటి కనిపిస్తుంది, మళ్లీ మాయమవుతుంది. ఖాతాలో ఆ కాస్త బాకీ ఉంది. పెరగడం లేదు.